కప్పగల్లు ప్యాంట్లు లైవ్‌లో

పట్టపగలు, నడివీధిలో, ఊరంతా చూస్తుండగా జీన్స్ కుట్టే షెడ్డు సూపర్‌వైజర్ ప్రకాశ్ ప్యాంట్లను బ్లేడుతో కోశాడు. ఒకటా రెండా, ముప్పై నాలుగు! నడుము నుంచి కాలిదాకా చీల్చి ఒక్కొక్కటే మురుగుకాలవలో పడేశాడు. ఆ గుడ్డ షెడ్డు యజమాని సేటుది కాదు. కప్పగల్లు ఊరి ఆడవాళ్ళు పన్నెండుమంది కలిసి కొనుక్కున్నది.

“మిషన్లు సేటువి. వాటిమీద కుట్టిందంతా సేటుదే. ఫోన్లో అమ్ముకుంటారా, ఎంత పొగరు!” అని అరిచాడు.

అతను చెప్పిన మిషన్లు ఇళ్ళలో ఉన్నవే. పగలంతా షెడ్డులో చాకిరీ చేయించుకుని, మిగిలిన పని ఇంటికి అంటగట్టడానికి సేటు పెట్టించినవి.

ఆ పన్నెండుమందిలో పెద్దదైన సుభద్రమ్మకు కడుపు మండిపోయింది. అయినా ఆమె తిట్టింది ప్రకాశ్‌ను కాదు, పక్కనున్న హన్నాను.

“అమ్మీ, నీ నోరు పడిపోను! ప్యాంట్లు అమ్మమంటే సాక్ష్యం చెప్తివి కదే!”

నిజమే, అదే జరిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచింది హన్నానే. ఫొటోలు పెట్టింది, సైజులు రాసింది. గుంతకల్లు నుంచీ అనంతపురం నుంచీ ఆర్డర్లు వచ్చాయి. ఆ ఊపులో మొన్న లైవ్ పెట్టింది. లైవ్‌లో ఎవరైనా రంగు గురించి, ధర గురించి చెబుతారు. హన్నాకు పదిమంది ముందు మాట్లాడటమంటే తెలిసింది ఒక్కటే, చర్చిలో ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం. అక్కడ ఏదీ దాచకూడదు. ఫోను ముందూ ఏదీ దాచలేదు. ప్యాంట్లు ఉతికే మందుకు వేళ్ళు పుండ్లు పడటం, షెడ్డు గేటుకు బయటినుంచి తాళం వేయడం, తమతో కుట్టే లోయిస్‌కు పురిటినొప్పులొస్తున్నా ఇంటికి పంపకపోవడం, అన్నీ సేటు పేరు పెట్టి మరీ చెప్పింది. వేలమంది చూశారు. ఆర్డర్లు కుప్పలు పడ్డాయి. సేటుకు నిద్ర పట్టలేదు.

ప్యాంట్లు కోశాక పోతూ పోతూ ప్రకాశ్ సేటు మాట కూడా చెప్పిపోయాడు. సాయంత్రంలోగా పేజీ పాస్‌వర్డు ఇవ్వాలి, హన్నా క్షమాపణ వీడియో పెట్టాలి. లేకపోతే పన్నెండు మిషన్లూ లారీ ఎక్కుతాయి.

చర్చి వరండాలో అందరూ కూర్చున్నారు.

“ఇచ్చేద్దామక్కా,” అంది లోయిస్, చంకలో బిడ్డతో. “మిషన్ పోతే ఏం తిని బతకల్ల?”

“పేజీ పోతే మళ్ళా సేటు కాళ్ళకిందనే,” అంది హన్నా. “ఇంగ ఎప్పటికీ ఆడనే.”

“నీకేం, నీకు బిడ్డలా సంసారమా!” అంది లోయిస్.

“సాలు, సుమ్మనుండండి!” డిగ్రీ చదివే బిందుశ్రీ లేచి అందరినీ ఊరుకోమంది. ఆమె తల్లీ ఆ షెడ్డులోనే కుడుతుంది. “హన్నక్క చెప్పిండే దాంట్లో ఒక్క అబద్ధం సూపియ్యండి, ఇప్పుడే పేజీ ఇచ్చేద్దాం.”

సుభద్రమ్మ తన చేతులు చూసుకుంది. నీలం పట్టిన గోళ్ళు, పగిలిన వేళ్ళు. ఆమెకు సిగ్గేసింది.

“అబద్ధం లేదు. అందుకే నాకు కోపం,” అంది. “ఇరవై ఏండ్లు నేను నోరు మూసుకోనుంటి. నిన్న మొన్న వచ్చిన పిల్ల చెప్పె. పేజీ ఇచ్చేది లేదు. మిషన్లు మోసుకోని పోనీ. పాస్‌వర్డు అందరి ఫోన్లలో పెట్టే బిందూ. ఒకరిని పట్టుకపోతే ఇంకొకరు మాట్లాడల్ల.”

లోయిస్ అందరికన్నా ముందు తన ఫోను చాచింది.

సేటు సాయంత్రం దాకా కూడా ఆగలేదు. పోలీసు జీపు వచ్చింది. సేటు పరువు తీసిందని కేసట! హన్నాను ఎక్కించారు, ఫోను లాక్కున్నారు. జీపు మలుపు తిరగ్గానే, దాని వెంటే వచ్చిన ప్రకాశ్ చప్పట్లు కొట్టాడు. “ఆయ్తు, అయిపాయె! దుకాణం బంద్!”

సుభద్రమ్మ తన ఫోను తీసింది. ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలియదు. బిందుశ్రీ లైవ్ నొక్కి, ఎత్తి పట్టుకుంది. మిగతా ఆడవాళ్ళు సుభద్రమ్మ వెనక చేరారు.

“నా పేరు సుభద్రమ్మ. మాది కప్పగల్లు. హన్నా చెప్పిందంతా నిజం, నేను కండ్లారా సూసినా. ఆయమ్మిని ఇప్పుడే పోలీసులు పట్టుకపోయినారు. మేమంతా స్టేషన్‌కు నడ్సిపోతాండాము. ప్యాంట్లు కావల్లన్నోళ్ళు ఆడికే రాండి.”

ప్రకాశ్ ఉరికొచ్చి ఫోనుకు అడ్డం నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. సుభద్రమ్మ అడుగు కూడా వెనక్కి వేయలేదు.

“పక్కకు జరుగప్పా,” అంది. “నా ఎనకాల ఉండేటోళ్ళు లైవ్‌లో కనపడల్ల.”