సందు లేని పెట్టె

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే హుసేనయ్య, టీవీలో సినిమాలు చూడ్డానికి కొన్న చిన్న కంప్యూటర్‌కు తన చేతులతోనే ఒక పెట్టె చేశాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. అయితే సినిమా మొదలైన పది నిమిషాలకే లోపలి ఫ్యాను రొద పెట్టేది. చప్పుడు చెయ్యని ఫ్యాను కోసం ఆత్మకూరులోని కంప్యూటర్ కొట్టుకు వెళ్లి రెండుసార్లు మార్పించినా ఆ రొద తగ్గలేదు.

మూడోసారి పెట్టెతో సహా వెళ్లి, "అన్నీ పనికిమాలినవే ఇస్తుండారు!" అని విసుక్కున్నాడు. కొట్టు నడిపే పావని కంప్యూటర్ ఆన్ చేసి, రొద మొదలయ్యాక పెట్టె మూత తీసింది. కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది.

"పెద్దాయనా, దీనికి గాలి యాడినుంచి వస్తాది? ఒక్క సందన్నా లేదే!"

"నా పనిలో సందు పెట్టి ఊళ్లో తలెత్తుకొని తిరిగేదెట్టా పాపా?"

ఇంటికొచ్చి వెనక పలకకు ఫోర్కు పళ్లలా సన్నని చీలికలు కోశాడు. ఎవరి కంటా పడకుండా ఆ వైపును గోడకు ఆనించి పెట్టాడు. రొద అలాగే ఉంది. భార్య వెంగమ్మ చీలికలు బయటికి కనబడేలా పెట్టెను ఇటు తిప్పింది. ఫ్యాను సద్దుమణిగి, సినిమాలో మాటలు స్పష్టంగా వినబడ్డాయి.

హుసేనయ్య తెర వంక చూడలేదు.

"చీలికలు వంకర పోలేదు గదా?" అన్నాడు.