వస్తున్నా అన్న పాట

కొలార్డ్ ఆకుకూర మూడు నీళ్ళల్లో కడిగితే గాని ఇసుక వదలదు. రెనీటా రెండో నీళ్ళు పారబోస్తుంటే, వెనక బల్ల దగ్గర అత్తగారు వెర్నెల్ ఫోను ముక్కుకు ఆనించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"'నల్లజాతి ఆడదాని కష్టాన్ని ఇంత ప్రేమగా విన్న మగగొంతు ర్యాప్‌లో ఈ మధ్య రాలేదు.' విన్నావుటే? న్యూయార్క్ వాడు రాశాడు. ఇదంతా నీ గురించే."

"విన్నాను అత్తయ్యా. కాస్త ఆ పొగబెట్టిన టర్కీ కోడి ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసి ఇవ్వరూ."

"ఉండవే, ఇంకా ఉంది," అని ఆవిడ రెండో పేరా అందుకుంది.

టర్కీ ముక్కలు రెనీటాయే తీసుకుంది. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ఈ మధ్య ఆమెకు ఏదీ తేలడం లేదు. భర్త టెవిన్ ర్యాప్ ఆల్బమ్ 'చేతులు కనబడాలి' బయటికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో గాలే మారిపోయింది. వాళ్ళుండే ఈస్ట్ ఓక్లండ్‌లో ఏ కారు అద్దం దించినా అదే మోత. తుపాకీ దెబ్బకు కూలిన పిల్లల పేర్లు, మూతపడ్డ స్కూళ్ళు, అద్దెలు పెంచి ఊరొదిలి పొమ్మంటున్న ఇళ్ళవాళ్ళు, అన్నీ ఉన్నాయందులో. ఒక్క మాట అబద్ధం కాదు. ఆ పేర్లలో ఒకటి రెనీటా పిన్ని కొడుకుది. ఆ పేరు వినబడినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది, మొగుడి మీద గర్వంతో కళ్ళు నిండుతాయి. అందుకే ఆ తరవాతి పాట సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలీదు.

ఆ తరవాతి పాట పేరు 'వస్తున్నా'. అది రెనీటా గొంతుతో మొదలవుతుంది. ఇంటి ఆడవాళ్ళు ఫోన్లో వాయిస్‌మెయిల్‌గా వదిలిన మాటల్ని పాటకూ పాటకూ మధ్య అతికించడం ర్యాప్ వాళ్ళకు ఎప్పట్నించో ఉన్న అలవాటే. తల్లి తిట్లో, నాయనమ్మ దీవెనలో, ఏవో ఒకటి పెడతారు. రెనీటాది రెండేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఆరేళ్ళున్న కూతురు నైలాకు అప్పుడు ఒళ్ళు కాలిపోతుంటే క్లినిక్‌కు తీసుకెళ్ళి తిరిగొస్తోంది. నంబరు ప్లేటు మీది రిజిస్ట్రేషన్ స్టిక్కరుకు గడువు దాటిందని పోలీసు ఆపాడు. నడుం దగ్గరి తుపాకీ మీంచి చెయ్యి తియ్యకుండానే మాట్లాడాడు. కారు లాక్కుపోయారు. రోడ్డు పక్కన పిల్లతో నిలబడి టెవిన్‌కు ఫోన్ చేస్తే, స్టూడియోలో ఉన్నాడు, ఎత్తలేదు. వాయిస్‌మెయిల్లోనే మాట వదిలింది. కారు పోయిందని, పిల్ల ఏడుస్తోందని, వచ్చి తీసుకెళ్ళమని. ఆ మీద ఇంకో మాట కూడా అంది: "ఊరందరి తరఫునా మైకులో అరుస్తావు, నేను పిలిస్తే మాత్రం పలకవు. నాకెప్పటికి పలుకుతావు?"

ఆ చివరి మాట పాటలో లేదు. 'వచ్చి తీసుకెళ్ళు' దగ్గర కోసేశారు. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరవాత డ్రమ్ము దెబ్బ, వెంటనే టెవిన్ గొంతు: "వస్తున్నా, నా రాణీ, వస్తున్నా." ఎర్ర లైట్లన్నీ దాటుకుంటూ పరిగెత్తుకొస్తాడు. పిల్లను భుజాల మీదికి ఎక్కించుకుంటాడు. పోలీసు కళ్ళల్లోకి సూటిగా చూస్తాడు.

రాలేదు. అదీ సంగతి. ఆ రోజు టెవిన్ రాలేదు. పొద్దు వాలాక ఇంటికొచ్చి, "ఫోను సైలెంట్‌లో ఉండిపోయింది రెనీ. ఇవాళ భలే బీటు దొరికింది," అన్నాడు.

ఆ కోత గురించే విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. ఆ గొంతు అలా అర్ధాంతరంగా తెగిపోవడంలోనే ఈ దేశంలో నల్లజాతి ఆడదాని చరిత్రంతా ఉందని ఒకాయన. ఎవరో నటి అద్భుతంగా చేసింది, పేరెందుకు వెయ్యలేదని ఇంకొకాయన నొచ్చుకున్నాడు. ఆల్బమ్ మొత్తంలో సంగీతం లేని చోటు అదొక్కటేనని, సగానికి కోసి ఉంటే బాగుండేదని మరొకడు. అప్పటికే సగానికి కోశారు నాయనా అని రెనీటా బస్సులో పైకే అనేసింది. పక్కసీటావిడ కొంచెం ఎడంగా జరిగి కూచుంది.

ఆ పాట ఆమె మొదటిసారి విన్నది స్టూడియోలో, పదిమంది మధ్యన. ఆ రోజు వచ్చినవాళ్ళకు చికెన్ రెక్కలు వేయించి తీసుకెళ్ళిందీ ఆమే. ముందుగా ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. తన గొంతు తనకే స్పీకర్లలోంచి వినబడేసరికి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక పళ్ళెం కింద పెట్టి చప్పట్లు కొట్టింది. తిరిగొస్తూ దారిలో అడిగింది.

"నాతో ఒక్క మాట అనకపోయావా టెవ్?"

"ఆశ్చర్యపోతావని. నచ్చలేదా?"

"నువ్వు రాలేదు కదా."

అతను స్టీరింగు మీద వేళ్ళతో తాళం వెయ్యడం ఆపాడు. "అది నేను కాదు రెనీ. పాటలో మనిషి. వచ్చి ఉండాల్సిన మనిషి. మన మగాళ్ళు అలా రావాలనే కదా రాసింది."

అది సబబుగానే తోచింది. చిక్కంతా అక్కడే. టెవిన్ చెప్పేది ఎప్పుడూ సబబుగానే ఉంటుంది, ఆ సబబులో తనకు నిలబడటానికి చోటుండదు. రానందుకు సిగ్గుపడి రాశాడా, రాసేస్తే వచ్చినట్టే లెమ్మని రాశాడా? ఆమెకు అంతుపట్టలేదు. పైగా పాట బాగుంది. బాగుండకపోతే ఏ గొడవా ఉండకపోను. 'వస్తున్నా' అన్న చోట ఆమెకూ ఏడుపొస్తుంది, రాని మొగుడి కోసమో, పాటలో వచ్చిన మొగుడి కోసమో. పోనుపోను ఇంటర్వ్యూల్లో ఆ పాటలో మనిషి మెల్లగా జారుకున్నాడు. మొదట్లో టెవిన్ "ఒక తండ్రి" అనేవాడు, తరవాత "మాలాంటి తండ్రులు" అన్నాడు, పోయిన నెల రేడియోలో "ఆ రోజు నేను పరిగెత్తుతుంటే" అన్నాడు. గిన్నెలు తోముతూ వింటున్న రెనీటా కుళాయి కట్టేసింది.

ఆఫీసులో ఇంకో తంటా. నీళ్ళ బిల్లుల మీద ఫిర్యాదులు వినే కాల్ సెంటర్ ఆమెది. అక్కడ రోజంతా వాడేది ఆఫీసు గొంతు. నల్లవాళ్ళ ఇళ్ళల్లో తల్లులు ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పే గొంతు అది. మెత్తగా, ఎక్కడా యాస తగలకుండా, అవతలి తెల్లావిడ తెల్లావిడతోనే మాట్లాడుతున్నాననుకునేలా. ఒక రోజు సూపర్‌వైజర్ గ్రెచెన్ భోజనాల గదిలో ఆ పాట పెట్టింది.

"ఇది నువ్వేనటగా రెనీటా? ఎంత సహజంగా ఉందో. ఒక్కసారి అలా అను, మేం వింటాం."

అందరూ ఫోర్కులు కింద పెట్టి చూశారు.

"పిల్లకు జ్వరం వచ్చినప్పటి మాటండీ అది," అంది రెనీటా ఆఫీసు గొంతుతోనే.

"అందుకే అంత బాగా వచ్చింది," అంది గ్రెచెన్ మెచ్చుకోలుగా.

ఆవిడ చెడ్డమనిషి కాదు, నిజంగానే మెచ్చుకుంది. తను నొచ్చుకోవాలో మురిసిపోవాలో తెలియక రెనీటా థాంక్స్ చెప్పి బయటపడింది. ఆదివారం చర్చిలోనూ అంతే. ముసలమ్మలు చేతులు పట్టుకుని, "నీ మొగుడు నీకోసం పరిగెత్తాడు తల్లీ, మావాళ్ళు నడిచైనా రాలేదు," అని కళ్ళొత్తుకుంటారు. వాళ్ళ ఏడుపు నిజమైన ఏడుపు. దాని మీద నీళ్ళెలా చల్లుతుంది?

ఇంతమంది ఇన్నిసార్లు చెప్పేసరికి ఆమెకు తన జ్ఞాపకం మీదే నమ్మకం సడలింది. బస్సులో కళ్ళు మూసుకుంటే, ఇంటర్నేషనల్ బొలివార్డ్ రోడ్డు మీద టెవిన్ పరిగెత్తుకొస్తూ కనబడతాడు, ఊడిన బూట్ల లేసులతో సహా. నిజంగా రాలేదా? కొంచెం ఆలస్యంగా వచ్చాడేమో, కోపంలో తనే మరిచిపోయిందేమో. ఉండబట్టలేక ఒక రోజు అత్తగారిని అడిగింది.

"అత్తయ్యా, ఆ రోజు తలుపు తీసింది మీరే కదా. నా వెనక టెవిన్ ఉన్నాడా?"

వెర్నెల్ మడతపెడుతున్న దుప్పటిని ఒళ్ళో పెట్టుకుంది. "చూడు తల్లీ. మన మగపిల్లల మీద రాళ్ళు వెయ్యడానికి ఈ దేశమంతా కాచుకుని ఉంది. మనం కూడా ఒకటి అందివ్వాలా?"

"నేను అడిగింది అది కాదు."

"మీ మామగారు నన్ను కొట్టేవాడు. తెలుసుగా. ఒక్కనాడైనా పోలీసుల్ని పిలిచానా? పిలిస్తే ఆయన్ని బతకనిచ్చేవాళ్ళా? నోరు మూసుకున్నాను. నువ్వు మూసుకోవాల్సింది అంతకన్నా చిన్నదానికే."

అదీ నిజమే. ఇంటిగుట్టు లంకకు చేటని ఆవిడకు ఒకరు చెప్పాలా, ఒంటిమీద దెబ్బలే చెప్పాయి. కానీ తను అడిగినదానికి జవాబు మాత్రం దొరకలేదు.

ఇవాళ నాలుగింటికి ఒక పెద్ద పత్రికనుంచి ఫోను రావాలి. ఆల్బమ్ మీద పేద్ద వ్యాసం రాస్తోంది ఒకావిడ, తనూ నల్లావిడే. భార్యతో మాట్లాడకుండా ముగించనందట. ఆ వ్యాసాన్ని బట్టే అవార్డు ఓట్లు పడతాయని టెవిన్ నమ్మకం. పొద్దున కాఫీ తాగుతూ ఆమె పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"మరేం లేదు రెనీ. ఆ రోజు సంగతి అడుగుతుంది. పాటలో ఉన్నట్టు చెప్పు, చాలు."

"పాటలో ఉన్నట్టా, జరిగినట్టా?"

"పోలీసు ఆపింది జరగలేదా? తుపాకీ మీద చెయ్యేసింది జరగలేదా? నేను రాలేదన్న ఒక్క ముక్క బయటపడితే మొత్తం అబద్ధమేనంటారు. మీ పిన్ని కొడుకు పేరు కూడా అబద్ధమంటారు. అదేనా నీక్కావలసింది?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "సరే, చూద్దాం," అంది రెనీటా. అది ఒప్పుకోవడమే అనుకున్నాడు అతను. ఆమె కూడా అలాగే అనుకుంది.

కూర సన్నసెగన ఉడుకుతోంది. రేపటి చర్చికి నైలాకు జడలు అల్లాలి. రెనీటా సోఫాలో కూచుని, పిల్లను మోకాళ్ళ మధ్య కింద కూచోబెట్టుకుని, నూనె రాసి పాయలు తీస్తోంది. టెవిన్ ఎదురు కుర్చీలో ఫోను చూసుకుంటున్నట్టు కూచున్నాడు, చెవులు మాత్రం ఇటే. నైలా ఆ పాటే కూనిరాగం తీస్తోంది.

"అమ్మా, ఫోన్లో ఆవిడ నన్ను కూడా అడుగుతుందా?"

"నిన్నేం అడుగుతుంది?"

"ఆ రోజు సంగతి. నాకు బాగా గుర్తుంది."

దువ్వెన ఆగింది. "ఏం గుర్తుంది?"

"నాన్న పరిగెత్తుకొచ్చాడు. నన్ను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. నేను పోలీసు కంటే పొడుగైపోయాను. నువ్వు ఏడుస్తూ వెనకాల వచ్చావు." పిల్ల తల పైకెత్తి, కింద నుంచే తల్లి మొహంలోకి చూసింది. "నాన్న రాకపోతే మనం ఏమైపోయేవాళ్ళం అమ్మా? నువ్వు అక్కడే నిలబడి ఉండేదానివి కదా?"

రెనీటా చేతులు పిల్ల జుట్టులోనే ఉండిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది. బుర్రకు కాదు, ఒంటికి. కుడి తుంటి మీద కాలిపోతున్న పిల్ల బరువు. మెడకు తగిలే వేడి ఊపిరి. చెప్పు తెగితే రెండోది కూడా విప్పేసి చేత్తో పట్టుకుని, కాలే సిమెంటు మీద బస్‌స్టాపు దాకా నడక. డ్రైవరు ఆమె మొహం చూసి టికెట్ అడక్కుండా లోపలికి రమ్మన్నాడు. బస్సు దిగాక ఇంటి దాకా చెయ్యి మార్చుకోకుండా మోసింది, మారిస్తే పిల్ల లేస్తుందని. వారం రోజులు నడుం పట్టేసింది. పక్కన ఎవరూ లేరు. దీంట్లో అనుమానం ఎక్కడుంది? ఇన్నాళ్ళూ దీనికా తను వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ తిరిగింది?

పత్రికలవాళ్ళు ఏమన్నా రాసుకోనీ. తన గొంతు ఎక్కడ కోసుకున్నా ఊరుకుంది, ఇంకా ఊరుకునేదేమో కూడా. కానీ రేపెప్పుడో ఈ పిల్ల కూడా ఏదో రోడ్డు పక్కన నిలబడుతుంది. ఎవరో పరిగెత్తుకొస్తారని చూస్తూ నిలబడుతుంది. ఆడది జ్వరంతో ఉన్న పిల్లను చంకనేసుకుని ఇల్లు చేరగలదని, తన ఇంట్లోనే ఒకతి చేరిందని తెలీకుండా నిలబడుతుంది.

ఫోను మోగింది.

"రెనీ, ఆవిడే," అన్నాడు టెవిన్ లేచి నిలబడుతూ.

"మోగనీ."

వంటింటి గుమ్మంలోంచి వెర్నెల్, "అమ్మాయ్," అంది, హెచ్చరికగా.

"ఆవిడకు తరవాత చెబుతాను. ముందు దీనికి చెప్పాలి," అని రెనీటా పిల్ల గడ్డం పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పుకుంది.

"నాన్న రాలేదు తల్లీ. నిన్ను ఇంటిదాకా నేనే మోశాను."