లేక్‌లాండ్‌లో ఆరో ఇల్లు

కొనేవాళ్ళు వచ్చేలోగా వంటింట్లో చేపల వేపుడు వాసన పోవాలన్నాడు గ్లెన్. రొవీనా కిటికీలు తెరిచి, దాల్చినచెక్క వేసి నీళ్ళు మరగబెట్టింది. ఇల్లు చూపించే రోజున ఇంట్లో ఎవరూ వండుకుతిన్న జాడ ఉండకూడదు.

ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌ ఊళ్ళో వాళ్ళకిది ఆరో ఇల్లు. పాడుబడ్డ ఇల్లు చవగ్గా కొని, అందులోనే కాపురం పెట్టి, బాగుచేసి, ధర పెరగ్గానే అమ్మేయడం గ్లెన్ వ్యాపారం. బాగుచేసేది మాత్రం రొవీనా. పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం చేసుకొచ్చి, సాయంత్రాలు గోడల పాత రంగు గీకేది, కొత్త రంగు వేసేది, టైల్స్ పరిచేది. నారింజ మొక్క నాటితే అది కాపుకొచ్చేసరికి ఆ పెరడు పరాయివాళ్ళది. "ఇంటిమీద మమకారం పెంచుకోకు, అది సరుకు," అనేవాడు గ్లెన్. "మావాడి చేతిలో పడితే ఏ కొంపైనా బంగారమే. అదృష్టవంతురాలివి," అనేది అత్తగారు వెర్నా, కోడలి గోళ్ళలో ఇరుక్కున్న సిమెంటు చూస్తూనే. ఆ మాటలకు రొవీనాకు కోపం రావడం ఎప్పుడో మానేసింది. బాధ కూడా లేదు. ఎవరి కాపురాన్నో పక్కింటి కిటికీలోంచి చూస్తున్నట్టుండేది.

ఈ ఇంటి కథ ఆమెకు చెప్పింది పక్కింటి ముసలావిడ ఓపల్.

"వందేళ్ళ కిందట, ఫ్లోరిడా నేలకోసం జనం ఎగబడ్డ రోజుల్లో కట్టారమ్మాయ్. ధరలు కుప్పకూలగానే కట్టినాయన చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. అయినా వీధికి ఆయన పేరే పెట్టారు చూడు! పెళ్ళాం ఐడా ఉండిపోయింది. నారింజపళ్ళు పెట్టెలకెత్తే ఆడవాళ్ళకి గదులు అద్దెకిచ్చి, వండిపెట్టి, ఇల్లు నిలబెట్టుకుంది. ఆవిడ పేరు ఓ సందుక్కూడా లేదు."

రొవీనా ఆ కథ భోజనాల దగ్గర గ్లెన్‌కు చెప్పింది. అతను ఫోనులోంచి తలెత్తలేదు.

విన్నాడని ఈరోజే తెలిసింది. టాంపా నుంచి వచ్చిన కుర్ర దంపతులతో, "ఈ వీధి ఎవరి పేరనుకున్నారు? ఆ మహానుభావుడి ఇల్లే ఇది. చివరిదాకా ఇక్కడే బతికాడు," అన్నాడు.

ఆ అమ్మాయి స్నానాలగది గోడకున్న టైల్స్ తడిమింది. "ఎంత బాగా వేశారో! ఎవరండీ వేసింది?"

"మా మనుషులున్నారులెండి," అన్నాడు గ్లెన్.

"నేనే వేశాను," అంది రొవీనా. "ఆ మహానుభావుడు పారిపోయాడు. ఇల్లు నిలబెట్టింది ఆయన భార్య ఐడా."

గ్లెన్ నవ్వేసి, ఆమెను వసారాలోకి లాక్కొచ్చాడు.

"మతిపోయిందా నీకు? కుదిరే బేరం చెడగొడతావా?"

"నేను సంతకం పెట్టను గ్లెన్."

"ఇల్లు నా పేర ఉంది."

"ఉండనీ. కాపురముంటున్న ఇల్లు, పెళ్ళాం ఒప్పుకోకుండా అమ్మడం ఈ రాష్ట్రంలో కుదరదు. ఇన్నిసార్లు నాచేత సంతకం ఊరికే పెట్టించావా?"

గ్లెన్ నిజంగానే బెంబేలెత్తి, "మరి రైలుకట్ట అవతల ఇంకోటి మాట్లాడి పెట్టానే! దాన్నెవరు బాగుచేస్తారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది తను కాదని రొవీనాకు మొదటిసారి తోచింది. లోపలికి వెళ్ళి, ఆ దంపతులకు కాఫీ పోసింది.

"దూరం నుంచి వచ్చారు, ఏమీ అనుకోకండి. ఇది అమ్మే ఇల్లు కాదు. ఇక్కడ నేనుంటున్నాను."