తడవని దారం

దారం కొసను పెదాల మధ్య పెట్టి లాగింది కాజాల వదిన. పొడిగా వెళ్లింది, పొడిగానే వచ్చింది. గ్లాసులో వేలు ముంచి తడిపితే మరీ నానిపోయి కొస రెండుగా చీలింది. దారానికి ఎంత తడి కావాలో ఉమ్మికి తెలుసు గానీ నీళ్లకేం తెలుసు?

ఆ కుట్టుదుకాణంలో చొక్కాలకు బొత్తాం దూరే కాజాలన్నీ ఆమె చేతివే. బక్కపలచని మనిషి. సూదిపోట్లకు వేళ్ల కొసలు గరుకుతేలాయి. ఒకప్పుడు ఆమె నోరు విప్పితే కుట్టుమిషన్లు సిగ్గుపడి ఆగిపోయేవి. ఆ కబుర్లు పడలేక ఎదురింటి చెవిటాయన ఇల్లు మారాడు. అబద్ధమనిపిస్తే ఆయన్నే అడగండి.

అలాంటి మనిషి కొన్నాళ్లుగా మూగనోము పట్టింది. కోపమొచ్చిందనుకున్నారు తోటివాళ్లు. ఎవరి మీదో తెలియక ఎవరి తప్పు వాళ్లు తవ్వుకున్నారు. ఈ పొద్దున కటింగ్ మాస్టరు వచ్చి, ఆమె కత్తెరతో అట్టలు కోసి మొద్దుబార్చింది తనేనని తలవంచుకున్నాడు. మిషను కుట్టే పిల్ల, వెనకాల ఆమె నడకను వెక్కిరించానని ఒప్పుకుంది. ఇస్త్రీ చేసే ముసలాయనకు మాత్రం ఎంత వెతికినా తప్పు దొరకలేదు. చెయ్యనిదానికే క్షమించమన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది గానీ కన్నీళ్లు రాలేదు. కళ్లూ ఎండిపోయాయి మరి.

"కోపం కాదర్రా," అంది, నాలుక అంగిలికి అతుక్కుంటుంటే. "నోట్లో ఉమ్మి ఊరట్లేదు."

చెబితే కిటికీ పక్క కుర్చీ ఖాళీ చెయ్యమంటారేమోనని ఇన్నాళ్లూ దాచింది. ఆ కుర్చీ తప్ప ఆమెకు వేరే లోకం లేదు. ఇక డాక్టరమ్మ చెప్పిందంతా గుటకకీ గుటకకీ మధ్య విప్పింది. ఒంట్లోని కణాలకు చిన్న చిన్న చెవుల్లాంటివి ఉంటాయట. గ్రాహకాలంటారట. శత్రువు వచ్చాడన్న కబురు వాటికి అదే పనిగా వినబడి, ఒంటిని కాయాల్సిన కణాలు గుంపులుగా లాలాజల గ్రంథుల్లోకి దిగాయట. అందుకే దవడల దగ్గర ఈ వాపు. ఉమ్మి ఊరించమని నరాలు పంపే కబురు కూడా గ్రంథుల చెవికి సరిగా ఎక్కడం లేదట.

"అంటే కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు ముసలాయన.

"కంచెకి ఆకలి కాదు మరిదీ, భయం. నేను నోరు మూసుకుంటే మీరు లేని కోపం చూడలేదూ? అట్లాంటిదే."

కటింగ్ మాస్టరు ఆమె కుర్చీని వెలుగుకి ఇంకొంచెం జరిపాడు. ముసలాయన సూది అందుకుని, దారం కొస నోట్లో పెట్టుకుని, ఒక్క ఊపులో ఎక్కించాడు.

"నీ ఎంగిలి దారంతోనా నేను కుట్టేది?"

"నా నోట్లో ఊరేదంతా వాగుడికే దండగవుతోంది వదినా. కాస్త పనికి రానీ."

ఆ రోజంతా ఆయన ఎక్కించాడు, ఆమె కుట్టింది. కళ్లు మండినప్పుడల్లా మందు చుక్కలు వేసుకుంది, నోరు ఎండినప్పుడల్లా గుక్కెడు తాగింది. మధ్యమధ్య ఆయన కుదురులేని చేతిని ఎగతాళి చేసింది. దుకాణం మళ్లీ దుకాణంలా ఉంది. పొద్దువాలాక, రేపు పెందరాళే వస్తానని చెప్పి వెళ్లింది.

మర్నాడు ఆయన అందరికన్నా ముందొచ్చి, ఆమె వచ్చి ఎదురుచూడక్కర్లేకుండా సూదులకు దారాలు ఎక్కించడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె చెల్లెలు వచ్చి గడపలోనే నిలబడింది. అక్క నిద్రలోనే వెళ్లిపోయిందని, గుండె ఆగిందన్నారని మెల్లగా చెప్పింది.

కిటికీ అంచున గుడ్డదిండు మీద సూదులు బారుగా గుచ్చి ఉన్నాయి, దారాల కొసలు ఇంకా ఆరకుండా.