పోటు వేళల పట్టిక

"రేవు దీపం ఆర్పకమ్మా, పొగమంచు దిగెనమ్మా,
ఉత్తరాన మంచుగాలి మా నాయన్నడిగెనమ్మా..."

ఆ తరవాతి చరణం ఎంత తవ్వినా రాదు. మా అమ్మా నేనూ వంటింటి తలుపు కొక్కేనికి వల తగిలించి అల్లుతూ పాడుకున్న పాట. బడికి పోవాల్సిన వయసులో నా చేతులు ఆ వలలో ఉండిపోయాయి. అక్షరాలు నాకు అరవై రెండో ఏట వచ్చాయి, ఇంగ్లండు తూర్పు తీరాన మా గ్రిమ్స్‌బీ ఊరి లైబ్రరీలో గురువారం క్లాసులో.

చెప్పబోయేది నా సంగతి కాదు, మా మనవరాలు షెల్లీ సంగతి. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి చేపల ఫ్యాక్టరీకి వెళ్ళేది. హాడక్ చేప ముక్కలకి రొట్టెపొడి అద్దే బల్ల దగ్గర పని. రెండింటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడేది. సాయంత్రం ఐదింటికి ఆఫీసు గదులు తుడవడానికి మళ్ళీ బయల్దేరేది. ఈ రెండు పనుల మధ్యా, ముందూ వెనకా, పక్కింటి సిరిల్‌ని తొంగిచూసి వచ్చేది.

సిరిల్ ఇంట్లోకి రోజుకి రెండుసార్లు పోటు వచ్చేది. సముద్రం మా వీధికి మైలు దూరం. మిగతా ఇళ్ళు పొడిగానే ఉండేవి. బతుకంతా చేపల వేటలో గడిపిన ఆయన ఆఖరి పడవ దిగి ఇంటికొచ్చిన ఏడాది మొదలైందిది. వంటింటి గచ్చులోంచి ఊరి, మోకాలి దాకా లేచి, కాసేపు నిలిచి, పాటు తియ్యగానే వెనక్కి పోయేది. అమావాస్యకీ పౌర్ణమికీ నడుము దాకా వచ్చేది. పోతూ పోతూ ఇసుకా, నాచూ, ఒక్కోసారి ఒక పీతనీ వదిలిపోయేది. పోస్టుమాన్ కూడా పోటు వేళల పట్టిక చూసుకునే సిరిల్ ఉత్తరాలు తెచ్చేవాడు.

ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు అన్నీ సిరిలే చూసుకున్నాడు. తుంటి విరిగాక కుదరలేదు. నీళ్ళు రాకముందే తివాచీ చుట్టాలి, ఆయన్ని కుర్చీతో సహా మెట్ల మీదికి చేర్చాలి. నీళ్ళు పోయాక ఇసుక ఊడ్చి, గచ్చు తుడిచి, తడి ప్యాంటు మార్చి, కాళ్ళు కాచాలి. అదంతా షెల్లీ చేసేది. దాన్ని మా వీధిలో పని అనరు.

"ఎక్కడికే?"

"ఊరికే, సిరిల్ తాతని తొంగిచూసొస్తా అమ్మమ్మా."

మూడు గంటల తరవాత తొడల దాకా తడిసి వచ్చేది.

షెల్లీ మొగుడు ఎబోది ఘానా దేశంలో ఎల్మీనా. చేపల పడవ మీద పనికొచ్చి మా రేవులో ఉన్నాడు కొన్నాళ్ళు. వాడికున్న కాగితం మీద పడవలో పని చెయ్యొచ్చు గానీ ఊళ్ళో కాపురం పెట్టకూడదు. షెల్లీ సెలవు పెట్టి వాళ్ళ ఊరెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, పదిహేను రోజులుండి ఒక్కతే తిరిగొచ్చింది. వాడిని రప్పించుకోవాలంటే ఏడాదికి పద్దెనిమిది వేల ఆరువందల పౌండ్లు సంపాదిస్తున్నట్టు చూపించాలి, ఆరు నెలల పే స్లిప్పులతో. నాలుగు నెలలు సాగేది. ఐదో నెలలో చేపలు తగ్గేవి, ఫ్యాక్టరీ వాళ్ళు గంటలు కోసేవాళ్ళు. మళ్ళీ మొదటి నెల. ఇలా మూడేళ్ళు.

మంగళవారం ఎల్మీనాలో వేటకి వెళ్ళరు, సముద్రానికి ఆ రోజు సెలవు. అందుకని మంగళవారమే ఎబో ఫోను.

"ఏం తిన్నావు?"

"టోస్టు."

"నిన్నా టోస్టేనటగా, అమ్మమ్మ చెప్పింది."

"నువ్వు పెళ్ళి చేసుకోవాల్సింది హోటల్ని, నన్ను కాదు."

నవ్వేవాడు. ఆ తరవాత, "ఈ నెల?" అని అడిగేవాడు.

"నలభై రెండు పౌండ్లు తగ్గింది ఎబో."

ఫోనులో వాళ్ళ సముద్రం చప్పుడు వినపడేది. "పోనీలే, మళ్ళీ ఒకటి నించి మొదలెడదాం" అనేవాడు. అంతా అయ్యాక ఇది ఫోను ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. ఏడుపు కూడా వచ్చేది కాదు. ఏడవడానికీ ఓపిక కావాలి కదా.

ఆ నిబంధనల కాగితాలు నేను తీసుకున్నాను. చిన్నప్పుడు చదువు నేర్చినవాళ్ళ కళ్ళు గబగబా దూకుతాయి. ఆ అంకె కనపడగానే అందరూ అక్కడ ఆగిపోయారు. నాకు దూకడం చేతకాదు. వాక్యం కింద స్కేలు పెట్టుకుని, మాటకి మాట కూడబలుక్కుంటూ మూడు వారాలు చదివాను. అంకె దాటిన తరవాతి పేజీలో ఉంది: ఒంట్లో బాగాలేని మనిషిని చూసుకుంటున్నందుకు సర్కారు భత్యం అందుకునేవాళ్ళు ఆ అంకె చూపించనక్కర్లేదు, ఇద్దరి బతుకుతెరువుకి సరిపోతే చాలు.

లైబ్రరీలో సలహాలు చెప్పే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసింది. "నిజమేనండీ. వారానికి ముప్పై ఐదు గంటలు చూసుకుంటూ ఉండాలి. కాకపోతే ఆ భత్యం రావాలంటే మీ మనవరాలు జీతం తగ్గించుకోవాలి."

షెల్లీకి చెబితే పిచ్చి నవ్వు నవ్వింది. "మూడేళ్ళు చచ్చేట్టు సంపాదించాను. ఇప్పుడు తక్కువ సంపాదిస్తే వస్తాడా?" మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. "నేను ఎవర్నీ చూసుకోవట్లేదమ్మమ్మా. అది ఊరికే తొంగిచూడ్డం."

గోడ మీది పోటు పట్టిక తీసి దాని ముందు పెట్టాను. వారానికి పద్నాలుగు పోట్లు, పోటుకి మూడు గంటలు.

"నలభై రెండు గంటలు తొంగిచూస్తున్నావే తల్లీ. మెడ పట్టెయ్యలేదూ?"

కానీ ముందు సిరిల్ ఒప్పుకోవాలి. తనకి మనిషి సాయం కావాలని ఆయనే సంతకం పెట్టాలి. ఫారం చూపించగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"నాకు ఆయానా డొరీన్? ఐస్‌లాండ్ దగ్గర చలికి మీసం విరిగి చేతిలోకొచ్చింది నాకు! నన్నెవరూ చూసుకోట్లేదు. ఆ పిల్ల కబుర్లకొస్తుంది, అంతే. ఎన్నాళ్ళుంటాలే, ఏదో ఒక పాటుకి నీళ్ళ వెంట నేనూ పోతా." తలుపేసుకున్నాడు.

"బలవంతపెట్టకు" అంది షెల్లీ. "ఆయన దగ్గర మిగిలింది ఆ గర్వం ఒక్కటే."

నవంబరు పౌర్ణమి శనివారం పడింది. మధ్యాహ్నం పోటు. సిరిల్‌కి సూప్ తీసుకెళ్ళేసరికి నడుము లోతు నీళ్ళు. ఆయన నాలుగో మెట్టు మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ కిందికి చాచి, నీళ్ళలో ఉన్న షెల్లీ గడ్డం పట్టుకుని ఉన్నాడు. చుట్టిన తివాచీ కౌగిలించుకుని ఇది నిలువునా నిద్రపోయింది. గురక కూడా. ఆయన చేతులు తాళ్ళలా బిగుసుకుపోయాయి.

"ఎంతసేపయింది?"

"పోటు వచ్చిన దగ్గర్నించీ. అరిచాను, లేవలేదు." నా వైపు చూడలేదు. "మనిషికి ఇంత అలుపు ఉంటుందని తెలీదు డొరీన్. తుఫానులో కూడా చూడలేదు ఇలాంటిది."

మర్నాడు పొద్దున కర్ర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "ఆ ఫారం తియ్యి. నేను చెబుతా, నువ్వు రాయి."

"మంచం మీంచి ఒంటరిగా లేవగలరా, అని ఉంది."

"లేవలేడని రాయి."

"లేస్తావు కదా సిరిల్."

"పాటులో లేస్తా. పోటులో లేవలేను. రాయి."

"బట్టలు మార్చుకోగలరా?"

కిటికీకేసి చూశాడు. "మార్చుకోలేడు."

నా రాత నెమ్మది. ఒక్కో అక్షరం అయ్యేదాకా ఆయన ఓర్చుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నలభై ప్రశ్నలు. ఒక్కటీ అబద్ధం కాదు. అబద్ధాలైతే ఆయనకి అంత కష్టం అయ్యేది కాదు.

భత్యం ఆఫీసు నించి ఒకావిడ వచ్చింది. జోళ్ళూ మేజోళ్ళూ విప్పి మెట్టు మీద పెట్టి, స్కర్టు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

"రోజూ ఇంతేనా?"

"రోజుకి రెండుసార్లు."

"వేళలు?"

పట్టిక ఇచ్చాను. తిరగేసి చూసి, తన కాగితం మీద రాసుకుంది: రుజువు, పోటు వేళల పట్టిక, జతపరచడమైనది. వెళ్తూ వెళ్తూ కాలి వేళ్ళ మధ్య నాచు తీసుకుంది.

భత్యం వచ్చింది. షెల్లీ సాయంత్రం పని మానేసింది, ఫ్యాక్టరీలో రెండు రోజులే ఉంచుకుంది. జనవరిలో ఎబో దరఖాస్తు వెళ్ళింది. ఇంక ఎదురుచూడ్డమే.

అప్పుడే సిరిల్ చిక్కిపోవడం మొదలెట్టాడు. డాక్టరు గుండె విని బ్యాగు మూసుకున్నాడు. సిరిల్ పోతే భత్యం పోతుంది, భత్యం పోతే దరఖాస్తు పోతుంది. మా రేవులో ముసలివాళ్ళు పాటు వేళే పోతారు. మార్చి పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవి. ఆ పాటు లాగుడికి ఆయన కుర్చీ మెట్ల మీంచి కూడా గడప దాకా జారిపోయేది. ఒకరోజు చూస్తే, తాడుతో నడుముని మెట్ల కటకటాలకి కట్టేసుకుని కూర్చున్నాడు.

"ఇదేంటి తాతా?" అంది షెల్లీ.

"లంగరు" అన్నాడు. "నీ మొగుడి కాగితం రాలేదా ఇంకా?"

"రాలేదు."

నీళ్ళకేసి తిరిగి, "విన్నావుగా, ఇవాళ కాదు" అన్నాడు.

ఏప్రిల్ అంతా అలాగే గడిచింది. తిండి సగానికి తగ్గింది, మాట తగ్గింది. పాటు తీసినప్పుడల్లా తాడు బిగిసి కిర్రుమనేది. ఆయన మాత్రం పళ్ళు బిగపట్టి కూర్చునేవాడు.

కాగితం చేతికొచ్చి, మే నెలలో ఒక మంగళవారం ఎబో వచ్చాడు. సంచీ గుమ్మంలో పెట్టి, ప్యాంటు మడిచి, నీళ్ళలోకి దిగి, ముసలాయన ముందు వంగి నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాయి మా నీళ్ళు?" అన్నాడు సిరిల్.

"చల్లగా ఉన్నాయి తాతా. మావైతే స్నానం చెయ్యొచ్చు."

"చేపలు?"

"మా దగ్గర తగ్గిపోయాయి."

"ఇక్కడా అంతే." ఇద్దరూ తలలూపారు, ఒకే పడవ మీద పనిచేసినవాళ్ళలాగా.

ఎబో మెట్టు మీద కూర్చున్నాడు. షెల్లీ వాడి పక్కన కూర్చుని ఏదో చెప్పబోయింది, సగంలోనే కోటుతోనే వాడి భుజం మీద ఒరిగి నిద్రపోయింది. పట్టపగలు. వాడు కదల్లేదు. కిటికీలోంచి ఎండ దాని మొహం మీద పడుతుంటే, చెయ్యి అడ్డం పెట్టాడు.

పాటు మొదలైంది. నీళ్ళు నా మోకాళ్ళ దగ్గర్నించి గుమ్మం వైపు మెల్లిగా నడుస్తున్నాయి. సిరిల్ వాళ్ళిద్దర్నీ చాలాసేపు చూశాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో అన్నాడు:

"తాడు విప్పు డొరీన్. చప్పుడు చెయ్యకు, పిల్ల లేస్తుంది."