శనక్కాయలు ఒలిచే చప్పుడు

రేడియోలో వాతావరణం చెప్పే ఆయనకు రాయలసీమలో తెలిసిన ఊరు ఒక్కటే. దాని పేరు "అక్కడక్కడ". ఎండాకాలం వచ్చిందంటే చాలు, రాయలసీమలో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చునని రోజూ చెప్పేవాడు. ఆ అక్కడక్కడ ఏ తాలూకాలో ఉందో గానీ, మా ఊరు మాత్రం కాదు. మాది తనకల్లుకు నడిచిపోయేంత దూరం. ఎర్రనేల, గుండ్రాళ్లు, పైన బోలెడంత ఆకాశం. ఆకాశానికి మాత్రం మాకెప్పుడూ కరువు లేదు.

అందుకని మేము రేడియోను నమ్మేవాళ్లం కాదు, మా పక్కింటి ముత్యాలప్పను నమ్మేవాళ్లం. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాన సంగతి తెలిసినవాడని ఆయనకు పేరెలా వచ్చిందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఒక ఏడు రోహిణి కార్తెలో ఉరుములతో పెద్ద వాన పడింది. ఊరంతా ఎగబడి శనక్కాయ విత్తింది. ముత్యాలప్ప విత్తలేదు. ఆయన ఎద్దు కాలికి మేకు గుచ్చుకుని కుంటుతూ ఉండింది, అదీ సంగతి. తర్వాత వాన మొహం చాటేసింది. మా మొలకలన్నీ మాడిపోయాయి. ఎద్దు కాలు బాగయ్యాక ఆరుద్రలో వాన పడితే ఆయన ఒక్కడే విత్తి, ఒక్కడే పంట తీశాడు.

"ఎట్ల కనుక్కున్నావన్నా?" అని నా మొగుడు బయ్యన్న అడిగాడు. ఎద్దు కుంటింది అని చెప్పి ఉంటే పోయేది. ఆయన ఒకసారి పైకి చూసి, "గాలి చూసినా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఉరుము వినిపిస్తే చాలు, మగవాళ్లంతా ఆయన అరుగు దగ్గరికి చేరేవాళ్లు. ఆయన పొద్దుపోయేదాకా గాలి చూసేవాడు.

ఆయన చూసేది గాలి కాదు, ఎదుటివాడి మొహం. తొందరపడేవాడికి "ఎయ్యి" అనేవాడు, భయపడేవాడికి "ఆగు" అనేవాడు. ఎవరికి కావలసింది వాళ్లు విని సంతోషంగా పోయేవాళ్లు. వాన పడినా, పడకపోయినా ఊళ్లో సగం మందికి ఆయన మాట నిజమయ్యేది. మిగతా సగం తాము సరిగా వినలేదనుకునేవాళ్లు. ఈ కిటుకు మా ఆడవాళ్లకు బోరింగు దగ్గర ఎప్పుడో తెలిసిపోయింది. మగవాళ్లకు చెబితే మమ్మల్ని తిట్టారు.

అందుకే మేము ఆయన నోటిని కాదు, ఆయన ఇంటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లం. విత్తనానికి దాచిన శనక్కాయ పైతొక్కతో ఉన్నంతకాలం చెడదు. ఒలిచిన గింజ నాలుగు రోజులు ఆగితే మొలక చస్తుంది. మాటలు ఎన్నయినా చెప్పొచ్చు, కాయలు ఒలవడం మాత్రం తేల్చుకున్నవాళ్లే చేస్తారు. ముత్యాలప్ప పెళ్లాం లక్ష్మీనరసమ్మ చాట ముందేసుకుని కూర్చుందా, పటుక్ పటుక్ మని చప్పుడు గోడ దాటిందా, ఇక మా వీధి వీధంతా ఒలుపుళ్లే.

ఎనభయ్యో దశకం మొదట్లో వరసగా రెండేళ్లు పంట పోయింది. ఆ ఎండాకాలానికి చాలా ఇళ్లలో ఒకసారి విత్తడానికి సరిపడే కాయలే మిగిలాయి. లక్ష్మీనరసమ్మ ఇంట్లో రెండు గోనెలు. మనవడు గుప్పెడు వేయించి పెట్టమని ఏడ్చినా ఆమె ఆ గోనెల మూతి విప్పలేదు. "ఇవి పోతే బెంగుళూరికి పోయి మట్టి మోసేదే గతి" అని మాతో అనేది. నాకు అదే భయం. మా ఆయన నడుముకు మట్టి తట్ట ఆగదు.

రోహిణి చివర్లో, రోళ్లు పగిలే ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, పడమట మబ్బు లేచింది. గాలి ముందొచ్చి కప్పుల మీది బోదగడ్డిని లేపుకుపోయింది. తర్వాత ఉరుములు, వడగళ్లు, ఆపైన గంటసేపు కుండపోత. వాన వెలిసేసరికి నేల మంచి పదునైంది. పిడికిట్లో పట్టుకుంటే మట్టి ముద్దయింది.

మగవాళ్లు అరుగు దగ్గరికి పరిగెత్తారు. కాలు నిలవని మనిషి అంజినప్పకు "ఇంకా ఈడేం చేస్తాండావప్పా? ఎయ్యిపో" అన్నాడు ముత్యాలప్ప. మా ఆయనకు "ఆగు బయ్యన్నా, గాలి ఇంకా తిరగల్ల" అన్నాడు. మా ఆయన నిశ్చింతగా ఇంటికొచ్చి పడుకున్నాడు. అంజినప్ప ఆ మాట పట్టుకుని నేరుగా తనకల్లుకు పోయాడు.

ఆ సాయంత్రం గోడవతల లక్ష్మీనరసమ్మ గొంతు వినిపించింది. "ఊరికంతా చెప్పినావు గదా. మనమేం చేయాల?"

నేను గోడకు చెవి ఆనించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. అయినా ఏమీ వినపడలేదు. పాపం, ఊరందరికీ అడగడానికి ముత్యాలప్ప ఉన్నాడు. ముత్యాలప్పకు ఎవరూ లేరు.

పొద్దున్నే ఆయన బీడీలకని తనకల్లు బయలుదేరాడు. తోడుగా మా ఆయన్ను పిలిచాడు. ఊళ్లో బీడీలు దొరక్క కాదు, తనకల్లులో బదరీనారాయణ శెట్టి అంగడి ఉంది. ఆ అంగట్లో నాలుగు ఊళ్ల కబుర్లు, ఒక ట్రాన్సిస్టరు ఉన్నాయి. బీడీకట్ట తీసుకుని, ఊరికే అడిగినట్టు, "వాన సంగతి ఎట్లుంటాదంటావు శెట్టీ?" అన్నాడు ముత్యాలప్ప.

"అనుమానమే ల్యా. ఈసారి వాన పట్టినట్టే" అన్నాడు శెట్టి. "రేడియో మాట గాదు నేను చెప్పేది. గట్టి మనిషి చెప్పినాడు."

ఎవరా గట్టి మనిషి అని అడగబోయిన మా ఆయన కాలు తొక్కాడు ముత్యాలప్ప. గాలి చూసే మనిషి ఇంకొకర్ని పట్టుకుని ఎవరు చెప్పారని అడిగితే పరువేం కావాలి? "నేనూ అట్లే అనుకున్నా" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు ఎన్నడూ చూడలేదని మా ఆయన చెప్పాడు. ఎన్నో ఏళ్లకు ఒకరు ఆయనకు వాన సంగతి చెప్పారు మరి.

ఇంటికి రాగానే "ఒలుచు" అన్నాడు పెళ్లాంతో. ఎద్దుల్నీ విత్తే గొర్రునూ సిద్ధం చేసుకోవడానికి పోయాడు.

పటుక్ పటుక్ మని చప్పుడు మొదలైంది. మా ఆయన్ను ఆగమన్నాడన్న సంగతి నేను మర్చిపోలేదు. కానీ చెవులతో విన్నాక ఇంకేం ఆగడం? నేనూ చాట వేసుకున్నాను. అటు పక్క రామలక్ష్మమ్మ వేసుకుంది. దీపాలు పెట్టేలోగా వీధిలో ఒలవని కాయ లేదు. మర్నాడు ఊరంతా గొర్లు కట్టింది. ముందు మగవాళ్లు ఎద్దుల్ని తోలుతుంటే, వెనక ఆడవాళ్లం ఒడిలోంచి గింజ తీసి గొర్రు గొట్టంలో విడుస్తూ నడిచాం.

మొలకలు వచ్చాయి. ఆ వచ్చిన వాటిని చూసి నాలుగు రోజులు మురిసిపోయాం. తర్వాత పడమటి గాలి పట్టుకుంది. మృగశిర పొడిగా పోయింది. ఆరుద్ర పొడిగా పోయింది. రోజూ సాయంత్రం మబ్బు లేచేది, ఉరిమేది, ఇంకెవరి ఊరికో పోయేది. రేడియో ఆయన అక్కడక్కడ అంటూనే ఉన్నాడు. చేనుకు పోయి చూస్తే ఆకులు చేతిలో పొడి అయ్యేవి. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ముత్యాలప్ప కోపం పట్టలేక మళ్లీ మా ఆయన్ను వెంటేసుకుని శెట్టి మీదికి పోయాడు. "ఎవురప్పా ఆ గట్టి మనిషి?"

శెట్టి వింతగా చూశాడు. "నువ్వే గదప్పా. వాన పడిన రోజే అంజినప్ప వచ్చి చెప్పినాడు. ముత్యాలప్ప ఎయ్యమన్నాడు, ఇంక తిరుగు లేదు అన్యాడు. నువ్వు గూడా అవునంటివే."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారు. మా బల్లి తొట్టి దాకా నడిచిపోయి, దారి అడిగి మరీ పడింది. ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఊళ్లో మాత్రం ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు. "సొంత చేను గూడా ఎండబెట్టుకున్యాడు. మోసమే ఉంటే ఇట్లెందుకు చేస్తాడు?" అన్నారు. ఆయన పరువు వాన లేకుండానే పెరిగింది. నాకు ఒళ్లు మండింది.

సగం ఊరు మూటలు కట్టి బెంగుళూరు బస్సెక్కింది. మేమూ మూట కట్టుకున్నాం. అప్పుడు, పునర్వసులో, ఉరుము లేకుండా, మెరుపు లేకుండా, ఎవరినీ అడగకుండా వాన పట్టుకుంది. నేల తడిసింది. విత్తడానికి ఒక్క గింజ లేదు. మా ఆయన వాకిట్లో నిలబడి తడిసిన మట్టిని కాలితో తోస్తున్నాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

గోడవతల లక్ష్మీనరసమ్మ గొంతు వినిపించింది. "లెయ్యి. గొర్రు కట్టు."

"ఇత్తేదానికి ఏముంది?"

ఏదో బరువు ధబీమని నేల మీద పడింది. నేను ఆగలేక వాళ్ల గడప ఎక్కాను. మంచం పక్కన కాయలతో నిండిన గోనె ఉంది. ముత్యాలప్ప లేచి కూర్చుని దాన్ని చూస్తున్నాడు.

"ఇది యాడిదే?"

"ఉలవల కుండ వెనకాల పెట్టినా. నువ్వు ఒలచమంటే ఒక గోనె ఒలిచినా. ఇత్తేటప్పుడు పలచగా వదిలినా. నువ్వు ఎద్దుల ఎనకాల ఉండావు, నీకేం కనపడతాది?" ఆమె గోనె మూతి విప్పుతూ అంది. "ఊరికంతా సగం సగం చెప్పేటోనివి, నాకొక్కదానికే మొత్తం చెప్తావా?"

ఆయన గోనెలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది.

"నువ్వు ఒలిచే చప్పుడు వినే గదక్కా మేము ఉన్నివన్నీ ఒలుచుకున్యాము. నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయె?"

లక్ష్మీనరసమ్మ చాట నా వైపు జరిపింది. దాని నిండా కాయలు పోసింది. "ఇవి మీ చేనికి. కూర్చోని ఒలుచు" అంది. కాసేపు ఇద్దరం ఒలిచాం. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"వాన పడితే ఊరంతా ఆయప్పను అడుగుతారు. మీరు నా చేతుల చప్పుడు వింటారు. ఏం చేస్తాండావక్కా అని నన్నెవురు అడిగినారే, మారెక్కా?"

నేను ఇంకో గుప్పెడు కాయలు తీసుకుని ఒలిచాను.

ఆమె పంట, ఆ చాటెడు గింజలతో మా చేనులో ఒక మూల వేసిన పంట, బాగానే వచ్చాయి. ముత్యాలప్ప సగం విత్తనం దాచిపెట్టిన తెలివిని ఊరు ఏడాది పొడుగునా చెప్పుకుంది. ఆయన ఒకసారి నిజం చెప్పబోయాడు. వాళ్లు అది ఆయన పెద్దమనసు అనుకున్నారు.

మరుసటి ఎండాకాలం తొలి ఉరుముకు మగవాళ్లంతా అరుగు దగ్గరికి పోయారు. మేము ఆడవాళ్లం పెరటివైపు నుంచి పోయి లక్ష్మీనరసమ్మను అడిగాం.

"నాకేం తెలుసే? వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసు?" అంది ఆమె. "సగం ఒలవండి."

ముందర అరుగు మీద ముత్యాలప్ప గాలి చూస్తున్నాడు. మేము ఇళ్లకు వచ్చి సగం ఒలిచాం.