నలభై మైక్రాన్లు

జమాలుద్దీన్ పంతొమ్మిదేళ్లుగా గాజులరామారం షెడ్డులో కవర్ల మిషన్ నడుపుతున్నాడు. వేడికి కరిగి, గాలికి ఉబ్బి పైకి లేచే ప్లాస్టిక్ పొరను రెండు వేళ్లతో తాకి మందం చెప్పేస్తాడు. ఆ పని మీదే కూతురు గుల్నాజ్‌ను ఎమ్మెస్సీ చదివించాడు. ఆమెకు కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఉద్యోగం వచ్చిన నాడు షెడ్డంతా మిఠాయి పంచాడు.

2011లో కొత్త రూలొచ్చింది. నలభై మైక్రాన్లకన్నా పల్చటి సంచులు తయారు చేయకూడదు. షెడ్డు సేటు లెక్కచేయలేదు.

ఒక పొద్దున చాయ్ తాగుతూ గుల్నాజ్ మెల్లగా అంది.

"అబ్బా, పదిహేను రోజులల్ల మీ షెడ్డుకు తనిఖీ ఉంది. నన్ను పంపొద్దని అడిగిన. మనుషుల్లేరన్నరు."

"గీ కవర్లు ఎవర్నేం జేసినయ్ బేటా?"

"పొడి పొడి అయి, నాలాలకెళ్లి మూసీల వడి, ఆఖరికి సముద్రంల కలుస్తున్నయ్. కంటికి కానరాని తునకలు చేపలు మింగుతున్నయ్. ఎవ్వరికీ చెప్పకబ్బా, నా నౌకరి పోతది."

అతను చెప్పలేదు.

ఆ వారమే, పక్కనే కూర్చుని కవర్లు కట్టలు కట్టే బాలనర్సమ్మ అడిగింది. మొగుడు పోయిన మనిషి, పదకొండేళ్ల స్నేహం. "భాయ్, మందు గోలీల కంపెనీల పనికి రమ్మంటున్నరు. పోదునా?"

గొంతు దాకా వచ్చిన మాట మింగి, "నీ ఇష్టమక్కా" అన్నాడు.

"అందర్నీ ఇడిసి ఏం పోత తియ్యి" అని ఆమె నవ్వేసింది.

తనిఖీ రోజు పంచనామా మీద మిషన్ నడిపేవాడిగా తండ్రి పేరు రాస్తుంటే గుల్నాజ్ చెయ్యి ఆగింది. అతను సంతకం చేశాడు. షట్టర్‌కు సీలు పడింది.

గోలీల కంపెనీలో పని అప్పటికే వేరేవాళ్లకు పోయింది. మూడు నెలలకు బాలనర్సమ్మ జవహర్‌నగర్ డంపులో చెత్త ఏరుతోందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాడు. గుడిసె ముందు కూర్చుని దగ్గుతోంది.

"నీ బిడ్డ తప్పేం లేదు భాయ్. ఆ కుప్పల నిలవడితే నాకే సమజైతాంది. ఒక్కటి చెప్పు. నీకు ముందుగాల ఎరుకనా?"

అబద్ధమాడలేక తలూపాడు.

"సేటుకు చెప్పకున్నా మంచిదే. నాకు? పో అని ఒక్క మాటంటే పోకపోదునా?"

లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది.

ఇంట్లో గుల్నాజ్ ఎదురొచ్చింది. "నర్సమ్మత్త ఎట్లుందబ్బా?"

"మంచిగుంది" అన్నాడు జమాలుద్దీన్, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి నడుస్తూ.